వఫ్రా తోటకు చెక్కుబంది

రాయచోటిలో కువైట్ పోయి రాని ఇల్లు వెతకాలంటే సాయంత్రం దాకా తిరగాలి. మా ఎదురింట్లో కుట్టుమిషను పెట్టుకున్న ఆవిడ కూడా పదేళ్లు అక్కడ వంట చేసి వచ్చింది. నేను మాత్రం ముప్పై రెండేళ్లు రిజిస్ట్రారు ఆఫీసు ఎదుట రేకుల గదిలో కూర్చుని దస్తావేజులు రాశాను. కువైట్ సొమ్ముతో కొన్న ప్లాట్లకు, కట్టిన మేడలకు, ఆ మేడల కోసం కొట్టుకున్న అన్నదమ్ముల భాగపరిష్కారాలకు కాగితాలు రాసీ రాసీ, కువైట్ గురించి నాకు తెలియనిది లేదనుకునేదాన్ని.

పోయిన ఫిబ్రవరిలో మా తమ్ముడు నరసింహులు వీసా పంపి, "పని మానేసినావు కదక్కా, ఒక నెల వచ్చిపో" అన్నాడు. పోయొచ్చాను. టవర్ల గురించీ, అంగళ్ల గురించీ చెప్పడానికి మీకు చుట్టాలు చాలామంది ఉంటారు. నేను చూసిన ఒక తోట గురించి చెప్తాను.

రిగ్గై

నరసింహులు సబ్హాన్‌లో ఒక గోదాములో సూపర్‌వైజరు. భార్య సుజాతతో రిగ్గైలో మూడో అంతస్తులో ఉంటాడు. ఆ వీధిలో తెలుగు, మలయాళం, ఉర్దూ ఒకే మెట్ల మీద ఎక్కి దిగుతుంటాయి. కింద రొట్టెల బట్టీ ఉంది. చేట వెడల్పున్న వేడి రొట్టె యాభై ఫిల్సులు. వెయ్యి ఫిల్సులు ఒక దినారు, దినారంటే మన మూడు వందలకు కాస్త తక్కువ. మొదటి వారమంతా కంటికి కనిపించిన ప్రతిదాన్నీ రూపాయల్లోకి మార్చి గుండె పట్టుకున్నాను. గుప్పెడు కరివేపాకు నలభై రూపాయలు! మా ఊళ్లో కరివేపాకుకు డబ్బడిగిన కూరగాయలామె మళ్లీ ఆ వీధిలోకి రాలేదు.

మూడో రోజు, ఎవరి సాయమూ లేకుండా సరుకులు తెస్తానని బయల్దేరాను. కొత్తిమీర కట్టలు నాలుగు బేరమాడి తెచ్చి ఊరిబిండి, అదే రోటిపచ్చడి, నూరాను. నరసింహులు ఒక ముద్ద తిని, "అక్కా, ఇది కొత్తిమీర కాదు. ఇట్లాంటిదే వేరే ఆకు. అరబ్బులు పచ్చిగా తింటారు" అన్నాడు. సుజాత మాత్రం, "బాగుండాది వదినా" అని రెండో ముద్ద తీసుకుంది. మా తమ్ముడు చేసిన మంచి పనుల్లో ఆ పెళ్లి ఒకటి.

రిగ్గైలోనే నెల గడిచిపోయేదే. కానీ నేను బయల్దేరేటప్పుడు మా వీధిలో ఉండే మహబూబ్బీ ఒక మాట అడిగింది. ఆమె భర్త ఖాదర్ బాషా ముప్పై ఒక్క ఏళ్లుగా వఫ్రాలో ఒక తోటలో పని చేస్తున్నాడు. "ఫోన్ చేస్తే తోట, తోట అంటాడక్కా. ఫోటో పంపమంటే ఒక రేకుల గది పంపుతాడు. ఆ తోట నిజంగా ఉండాదో లేదో నువ్వొకసారి చూసి రా" అన్నది.

అనుభవంలో ఉన్న ఆస్తిని కళ్లతో చూసి రమ్మంటే నాలాంటిది ఆగుతుందా?

వఫ్రా

శుక్రవారం నరసింహులుకు సెలవు. పొద్దున్నే కారులో బయల్దేరాం. ఊరు దాటాక గంటసేపు ఇసుక, కరెంటు తీగలు, చలికాలం సరదాకి వేసుకున్న గుడారాలు. ఇల్లూ వాకిలీ ఉన్నవాళ్లు గుడారంలో పడుకోవడానికి డబ్బు ఖర్చు చేస్తారని విని నేను నమ్మలేదు. తర్వాత ఉన్నట్టుండి పచ్చదనం మొదలైంది. రోడ్డు పక్కన పెట్టెల్లో టమోటాలు, వంకాయలు, దోసకాయలు. వంకాయ చూస్తే సొంతూరి మనిషిని చూసినట్టే అనిపించింది.

తోట గేటు దగ్గర ఖాదర్ బాషా నిలబడి ఉన్నాడు. పొట్టి మనిషి, నెరిసిన గడ్డం, తలకు చుట్టిన గళ్ల తువ్వాలు. "రా లక్ష్మీదేవక్కా! మా ఇంటిదాని తరఫున తనిఖీకి వచ్చినావంట కదా!" అని నవ్వాడు.

తోట నిజంగానే ఉంది. ఒక పెద్ద గ్రీన్‌హౌస్, అందులో మనిషెత్తు టమోటా తీగలు. ఇరవై ముప్పై ఖర్జూరపు చెట్లు, మేకలు, ఒక బావి, బావి పక్కన ఫోటోలోని రేకుల గది. వాటికి పడమరగా బారుగా రేగుచెట్లు. నేను వీడియో తీసి మహబూబ్బీకి పంపించాను. "మేకలు మన మేకల మాదిరే ఉండాయే" అని జవాబొచ్చింది. ముప్పై ఒక్క ఏళ్ల అనుమానం ఆ మాటతో తీరింది.

ఖాదర్ బాషా మా కోసం రాగిసంగటి, నాటుకోడి పులుసు చేశాడు. సంగటి ముద్ద మధ్యలో గుంట చేసి పులుసు పోస్తుంటే నేను ఎడారిలో ఉన్నానన్న సంగతి మరిచిపోయాను. తిన్నాక అలవాటు కొద్దీ అడిగాను, "ఈ భూమి ఎవరిది? పట్టా ఎవరి పేరున ఉంది?"

"పట్టా యాడిదక్కా! భూమి గవర్నమెంటుది. సేద్యం చేసుకోమని ఇచ్చినారు. అనుభవించొచ్చు, పిల్లలకు ఇయ్యొచ్చు."

"అంటే మన డి.కె.టి. భూమి!" అని నేను సంతోషంతో అరిచాను. తెలియనివాళ్లకు చెప్తాను. మా దగ్గర సాగు చేసుకోమని ప్రభుత్వం ఇచ్చే భూమి అది. అమ్మకూడదు. అమ్మకూడదు కాబట్టే అది అన్నిటికంటే ఎక్కువగా చేతులు మారుతుంది. ఆ చేతుల మధ్య కాగితాలు రాసే నేను ఇల్లు కట్టుకున్నాను.

ఖాదర్ బాషా చెప్పిన తోట చరిత్రలో సంవత్సరాలు లేవు, పైర్లే ఉన్నాయి. మొదటిది గడ్డి కాలం. భూమి తీసుకున్న పెద్దాయన చెక్క ఓడల మీద కేరళ దాకా పోయొచ్చిన నావికుడట. ఇసుకలో బావి తవ్వించి పశువుల మేత పెంచాడు. ఇరాక్ సైన్యం వచ్చినప్పుడు తోట వదిలి పారిపోయాడు. తిరిగి వచ్చేసరికి మోటారు లేదు, పైపులు లేవు, గది తలుపులు కూడా లేవు. ఖాదర్ బాషా వచ్చింది ఆ తర్వాతే. "ఇద్దరమూ కలిసి బాయిలో ఇసక తోడినామక్కా. ఆయనకు నాలుగు హిందీ మాటలు వచ్చు. ఆ నాలుగు మాటలతోనే ఎనిమిదేండ్లు మాట్లాడుకున్యాము."

తర్వాత అల్లుడు వచ్చాడు. అది ఉష్ట్రపక్షి కాలం. అల్లుడు ఏది చూస్తే అది పెంచేవాడట. పావురాలు, పొట్టేళ్లు, చివరికి ఒక ఉష్ట్రపక్షి. అది ఖాదర్ బాషాను తోటంతా తరిమిందట. "నాకు ఇఖామా ఉండాది, దానికి లేదు. అయినా అదే నన్ను తరిమె" అన్నాడు. ఇఖామా అంటే అక్కడ ఉండటానికి ఇచ్చే అనుమతి కార్డు. అల్లుడికి విసుగు పుట్టి తోటను కౌలుకు ఇచ్చాడు. కౌలుదారు గ్రీన్‌హౌస్ వేశాడు కాబట్టి అది దోసకాయల కాలం. అతనూ పోయాడు, అల్లుడూ చనిపోయాడు. ఇప్పుడు నడుస్తున్నది టమోటాల కాలం, పెద్దాయన కూతురిది. ఖాదర్ బాషా ఆమెను మామా అంటాడు, అక్కడి మాటలో అమ్మగారని. ఆమే అతని కఫీల్. ఇఖామా ఆమె పూచీ మీదే ఉంది.

"నలుగురు దొరలు మారినారు. మార్చకుండా ఉంచింది నన్నూ ఈ బాయినీ" అన్నాడు.

తర్వాత అసలు సంగతి చెప్పాడు.

పెద్దాయన బతికుండగానే తోటను రెండు భాగాలు చేశాడు. పడమర కొడుక్కి, తూర్పు కూతురికి. సర్కారు కాగితంలో తోట ఒక్కటే, ఈ పంపకం ఇంట్లో మాట. పెద్దాయనే అడుగులు వేసి గీత గీశాడు. వెనకాల తాడు పట్టుకున్నది ఖాదర్ బాషా. ఆ గీత వెంబడి రేగుమొక్కలు నాటారు. కొడుకు పరదేశంలో ఉండి ఇటు చూడలేదు. ఒక ఏడు ఉప్పునీళ్లకు ఆ మొక్కలన్నీ చచ్చిపోయాయి. మళ్లీ నాటమని అల్లుడు చెప్పాడు. ఎక్కడ నాటాలో కూడా తనే చూపించాడు. పాత గీతకు ఇరవై అడుగులు పడమరగా. అడుగులంటే మనిషి నడిచే అడుగులు, ఆ తోటలో ఏది కొలిచినా పెద్దాయన అడుగుల లెక్కేనట.

"బాయి కోసం అక్కా. పాత గీత ప్రకారం బాయి కొడుకు భాగంలోకి పోయె."

ఇప్పుడు ఆ కొడుకూ లేడు. అతని కొడుకు బదర్ వచ్చి, తన భాగంలో వారాంతాలకు అద్దెకిచ్చే చిన్న ఇళ్లు, ఈతకొలను కడతానంటున్నాడు. "బావి మాదేనని మా నాన్న అనేవాడు" అని పేచీ పెట్టాడు. వచ్చే శుక్రవారం మామా, బదర్ ఇద్దరూ తోటకు వస్తున్నారు. గీత గీసిన నాడు తోటలో ఉన్నవాళ్లలో ఇప్పుడు మిగిలింది ఖాదర్ బాషా ఒక్కడే. కాబట్టి అతన్నే అడుగుతారు.

"మామాకు తెలుసా?" అన్నాను.

"తెలీదు. ఆయమ్మ అప్పుడు తోటకు వచ్చేది కాదు. ఆ ఇరవై అడుగుల్లో బాయి ఉండాది, గ్రీన్‌హౌస్ కొస ఉండాది, నా గది ఉండాది. నిజం చెప్తే నా గదిని ఆ పిల్లోడు పడగొట్టి ఈతకొలను కడతాడు. మామాకు కోపమొస్తే నా ఇఖామా ఖలాస్. నువ్వు ఇట్లాంటివి ఎన్ని చూసినావో. చెప్పల్లనా, వద్దా?"

నేను క్షణం కూడా ఆలోచించలేదు. "కాగితం లేదు, నీ సంతకం లేదు. సంతకం పెట్టనివాడు సాక్షి కాదు. గుర్తు లేదని చెప్పు" అన్నాను.

అతను తల ఊపాడు. నరసింహులు కూడా ఊపాడు. మంచి సలహా ఇచ్చానన్న తృప్తితో రెండు పెట్టెల టమోటాలు కారులో వేసుకుని రిగ్గైకి వచ్చేశాను.

సబ్హాన్

బుధవారం నరసింహులు తన పనిచోటు చూపిస్తానని సబ్హాన్ తీసుకుపోయాడు. అన్నీ గోదాములు, వర్క్‌షాపులు. మనుషుల కన్నా లారీలే ఎక్కువ. వాళ్ల గోదాములో పైపులు, కుళాయిలు, మోటార్లు. ఏ అరలో ఏముందో అన్నీ కంప్యూటర్‌లో ఉంటాయట. అయినా ఏది కావాల్సి వచ్చినా, "నరసింహులూ, అది యాడుంది?" అని మా వాణ్నే అడుగుతున్నారు. నేను గర్వపడ్డాను. ఆ గర్వంలోనే ఒక స్టూలు మీద కూర్చున్నాను. అది స్టూలు కాదు, అప్పుడే రంగు వేసిన మోటారు పెట్టె. నా చీర మీద ఆకుపచ్చ చతురస్రం ఒకటి ఈనాటికీ ఉంది.

మధ్యాహ్నం అన్నం తింటుండగా ఖాదర్ బాషా ఫోన్ చేశాడు. ఇండియా నుంచి భూమి కాగితాలు రాసే ఆవిడ వచ్చిందని మామాకు చెప్పాడట. శుక్రవారం తప్పకుండా తీసుకురమ్మని ఆమె అన్నదట.

"గుర్తు లేదని చెప్పేటప్పుడు నువ్వు పక్కన ఉంటే ధైర్యంగా ఉంటుందక్కా" అన్నాడు.

ఫోన్ పెట్టేశాక కంచం పక్కకు జరిపాను. ఎప్పుడో ఒక ముసలాయన నా గదికి వచ్చి, తన తమ్ముడి పొలంలోకి రెండు గజాలు జరిపి చెక్కుబంది, అంటే నాలుగు దిక్కుల హద్దులు, చెప్పాడు. తప్పని నాకు తెలుసు. ఆ పొలం మా అత్తగారి ఊళ్లోదే. చెప్పింది రాయడమే నా పని అనుకుని రాసేశాను. ఆ తమ్ముడు తర్వాత నాకు ఎదురుపడ్డప్పుడల్లా నమస్కారం పెట్టేవాడు. ఆ సంగతి నేను నరసింహులుకు చెప్పలేదు. "అరబ్బు పులుసులో ఉప్పెక్కువైందా అక్కా?" అని అడిగితే అవునన్నాను.

మళ్లీ వఫ్రా

శుక్రవారం మేం చేరేసరికి ఖర్జూరాల కింద చాప పరిచి ఉంది. మామా దాని మీద దిండుకు ఆనుకుని కూర్చుంది. డెబ్బై దాటిన మనిషి, నల్లటి అబాయా, మోకాళ్ల నొప్పి, చేతికర్ర. ఆమె అరబ్బీ నాకు రాదు, నా తెలుగు ఆమెకు రాదు. నరసింహులు మధ్యలో కూర్చుని అటూ ఇటూ మోశాడు.

చిన్న గిన్నెలో కాఫీ పోసి ఇచ్చింది. పాలు లేవు, చక్కెర లేదు, ఏలకుల వాసన. తాగాను. మళ్లీ పోసింది. పెద్దావిడ ఇస్తే కాదంటే ఏం మర్యాద అని మళ్లీ తాగాను. ఏడో గిన్నెకు నరసింహులు చెవిలో, "చాలంటే గిన్నెను అటూ ఇటూ ఊపల్లక్కా. ఊపకపోతే పోస్తానే ఉంటాది" అన్నాడు. ఆ మాట మొదటి గిన్నెకే చెప్పొచ్చు కదా అంటే, "నీకు ఇష్టమనుకున్యా" అన్నాడు. మామాకు సంగతి అర్థమై కర్ర పక్కన పెట్టి మరీ నవ్వింది.

"మీ దేశంలో అన్నాచెల్లెళ్లు భూమి కోసం పోట్లాడుకుంటారా?" అని అడిగింది.

"ఆ పోట్లాటల మీదే మా ఇంట్లో పొయ్యి వెలిగింది" అన్నాను. ఆమెకు ఆ జవాబు బాగా నచ్చింది. నా చేతిలో ఖర్జూరాలు పోసింది.

కాసేపటికి బదర్ వచ్చాడు. ముప్పై లోపే ఉంటాడు. తాడిచెట్టంత ఎత్తు, మడమల దాకా చొక్కాలా ఉండే తెల్లటి దిష్‌దాషా, చేతిలో ఫోను. వంగి అత్త నుదుటిని ముద్దు పెట్టుకుని, ఫోనులో కట్టబోయే ఇళ్ల బొమ్మలు చూపించాడు. నీలి రంగు ఈతకొలను సరిగ్గా ఖాదర్ బాషా గది ఉన్నచోటే ఉంది. బొమ్మలో ఆ చోట ఎవరో గొడుగు కింద పడుకుని ఉన్నారు.

మామా ఫోను పక్కకు తోసి, "ఖాదర్!" అని పిలిచింది. మేకల దగ్గరున్న ఖాదర్ బాషా వచ్చి చాపకు అవతల నిలబడ్డాడు.

"మా నాయన గీత గీసినప్పుడు నువ్వున్నావు. ఆ గీత ఈ చెట్ల దగ్గరేనా?"

అతను నా వైపు చూడలేదు. చెట్ల వైపే చూస్తూ అరబ్బీలో మాట్లాడాడు. నరసింహులు తెలుగులో చెప్పడం మానేసి నోరు తెరిచాడు. నేను మోచేత్తో పొడిచాక గొంతు తగ్గించి చెప్పాడు. "ఈ చెట్లు నేనే నాటినా అంటున్నాడక్కా. బాబా, అంటే ఈయమ్మ మొగుడు, నాటమన్నాడంట. పాత గీత ఇది కాదు, ఇరవై అడుగులు తూర్పున ఉండాది అంటున్నాడు."

మామా ముఖంలో నవ్వు పోయింది. చనిపోయిన భర్త గురించి పనివాడి నోట ఆ మాట వినాల్సి వచ్చింది ఆమెకు. కర్ర మీద ఆమె వేళ్లు బిగుసుకోవడం చూశాను.

"ఆ ఇరవై అడుగుల్లో నీ గది ఉంది. తెలుసా?"

"తెలుసు మామా."

"ఇన్నేళ్లు ఎందుకు చెప్పలేదు?"

"బాబా ఉన్నప్పుడు బాబా అంటే భయం. తర్వాత నన్నెవరూ అడగలేదు మామా."

నేను చాప మీది పువ్వుల్ని చూస్తూ కూర్చున్నాను. గుర్తు లేదని చెప్పమన్న మనిషిని నేనే కదా.

మామా కర్ర ఆనుకుని లేచింది. "పదండి, కొలుద్దాం" అన్నది. ఖాదర్ బాషా చెట్ల దగ్గర నిలబడి మొదటి అడుగు వేయబోతే ఆపింది. "నువ్వొద్దు. మా నాయన నీకన్నా జానెడు ఎత్తు. నీ పొట్టి కాళ్లతో కొలిస్తే వీడికి అన్యాయం జరుగుతుంది. బదర్, నువ్వు నడువు. నీవి మీ తాత కాళ్లే."

నా వృత్తిలో ఇంతకన్నా ఘోరం లేదు. భూమి ఎవడికి వస్తుందో వాడి చేతికే కొలత! టేపు ఉంటే మీటర్లలో కొలవమని చెప్పబోయి నరసింహులు వైపు తిరిగాను. అప్పటికే బదర్ నడక మొదలుపెట్టాడు. ఒకటి, రెండు, మూడు. కొంగ కాళ్లు. ఎనిమిదో అడుగుకల్లా బావి దాటిపోయాడు. ఆ లెక్కన ఇరవై వచ్చేసరికి గది మొత్తం అతని భాగంలోకి వస్తుంది.

ఖాదర్ బాషా ఆ లెక్క నాకన్నా ముందే వేసుకున్నట్టుంది. ఎవరూ చెప్పకుండానే గదిలోకి పోయి ఒక ఇనుప పెట్టె మోసుకొచ్చి బయట పెట్టాడు. మళ్లీ పోయి చుట్టిన పరుపు తెచ్చాడు. ఆపైన నమాజు చాప, సంగటి కెలికే కర్ర తెచ్చి పెట్టె మీద పేర్చాడు. ముప్పై ఒక్క ఏళ్ల సంసారం మూడు విడతల్లో బయటికి వచ్చేసింది.

బదర్ తొమ్మిదో అడుగు దగ్గర ఆగాడు. ఆ పెట్టెనూ పరుపునూ చూశాడు. ఫోను జేబులో పెట్టుకున్నాడు. మళ్లీ నడిచాడు. పదో అడుగు కాస్త చిన్నది. పన్నెండు ఇంకా చిన్నది. పదిహేను దాటాక పీటల మీదికి వచ్చే పెళ్లికూతురు కూడా అతన్ని దాటి పోయేది.

"మీ తాత ఇట్లా నడిచేవాడా?" అని మామా అడిగింది.

"ముసలితనంలో ఇలాగే నడిచేవాడు అత్తా. నాకు గుర్తుంది" అన్నాడు తల ఎత్తకుండా.

మామా అబాయా అంచుతో నోరు కప్పుకుంది. ఇరవయ్యో అడుగు ఖాదర్ బాషా గది గోడకు జానెడు ఇవతల పడింది. మామా అక్కడ కర్ర గుచ్చి, "ఖలాస్" అన్నది. బావి బదర్‌ది. గది మామా వైపే ఉండిపోయింది. నీళ్లు వారంలో మూడు రోజులు అతనివి, నాలుగు రోజులు ఆమెవి అని అక్కడే నిలబడి తేల్చుకున్నారు. మా వైపు ఉమ్మడి బావికి వంతులు వేసుకున్నట్టే, ఒక్క కేకలే వేసుకోలేదు గానీ.

కాగితం రాయనా అని నేను సంచిలోంచి పెన్ను తీశాను. మామా నవ్వి, ఖాదర్ ఉన్నాడుగా అన్నది.

గ్రీన్‌హౌస్ కొస మాత్రం మూడు కమ్మీల మేర కొత్త గీత దాటి ఉంది. దాన్ని విప్పాలి. బదర్ దిష్‌దాషా చేతులు పైకి మడిచి, యల్లా, ఇక కానిద్దాం అంటూ ఒక కమ్మీ పట్టుకున్నాడు. ఖాదర్ బాషా పెట్టెను మళ్లీ లోపల పెట్టి, గడ్డపార తెచ్చి పక్కన ఉంచుకుని రెండో కొస పట్టుకున్నాడు. పట్టుకుంటూ నా వైపు తిరిగి, "నిజం చెప్తే గడ్డపార నా చేతికే వచ్చె చూడక్కా" అన్నాడు. ముఖం మాత్రం పెళ్లింటివాడిలా ఉంది.

పైకప్పు ఊడితే తీగలు పాడవుతాయని నేనూ మామా ఆ మూడు కమ్మీల కింది టమోటాలు కోశాం. ఆమె కూర్చుని కింద ఉన్నవి, నేను నిలబడి పైన ఉన్నవి. బుట్ట నిండింది. నేల బదర్‌ది, విత్తు మామాది, పెంచింది ఖాదర్ బాషా. ఈ పండ్లు ఎవరివని నరసింహులు చేత అడిగించాను.

మామా ఒక పండు ఏరి, అబాయా అంచుతో తుడిచి నా చేతిలో పెట్టింది.

"తిను" అన్నది.